టామ్సిన్ అత్తకు రెండు జతల మేజోళ్ళు

జబెజ్ క్రోవెల్ మీద నాకున్న కక్ష ఇవాళ్టిది కాదు. ఆ మనిషి మా అక్కను చేసుకున్నాడు, నా నేల పోగొట్టాడు. ఈ రెండింటిలో మొదటిదే పెద్ద తప్పని నాకు అర్థం కావడానికి పన్నెండేళ్ళు పట్టింది. మా రేవులో ఇప్పటికీ అతని పేరెత్తితే ‘తెలివైన వ్యాపారి, పాపం కాలం కలిసిరాలేదు’ అనేవాళ్ళున్నారు. కాలం ఎవరికి కలిసొచ్చింది? ఇంగ్లండు రాజు మీద మేం తిరగబడ్డ రోజులవి. ఇంగ్లీషు సైన్యం న్యూయార్కులో తిష్ఠవేసింది. వాళ్ళ ఓడలు మా కనెటికట్ ఒడ్డు పొడుగునా కాపలా తిరుగుతున్నాయి. ఉప్పు లేదు, టీ లేదు, సూది కావాలంటే పక్కింట్లో అరువడగాలి. అందరం భయం భయంగానే బతికాం. కానీ మేమెవరం పెళ్ళాం చేతిని మా చెయ్యిలాగా వాడుకోలేదు. వాడుకున్నాంలెండి, వెన్న చిలకడానికీ సబ్బు కాయడానికీ. జబెజ్ రాయడానికి వాడుకున్నాడు.

మంగళవారం మా అక్క కెజియా రొట్టెలు కాల్చే రోజు. మోచేతుల దాకా రై పిండితో ఉండగా పక్కగదిలోంచి కేక వచ్చేది.

“ఏమే, చేతులు కడుక్కుని రా. ఉత్తరం ఉంది.”

“పొయ్యి వేడెక్కిందండీ. ఇప్పుడు వదిలేస్తే...”

“పొయ్యి ఎక్కడికీ పోదు. పడవ పోతుంది.”

అతను గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవాడు, ఆమె రాసేది. ఒకసారి రాస్తే అయిపోయేది కాదు. యుద్ధంలో ఏ వ్యాపారీ ఒక్క ప్రతి పంపడు. ఒక పడవ మునిగితే ఇంకోటి, ఒకటి పట్టుబడితే మరోటి. అందుకని ప్రతి ఉత్తరం మూడు ప్రతులు, ఇంట్లో దాచుకోవడానికి పుస్తకంలో నాలుగోది. అతను మొదటి ప్రతి మాత్రం కిటికీ దగ్గర పెట్టుకుని అక్షరం అక్షరం చూసేవాడు. చుక్క మారితే చింపి మళ్ళీ రాయించేవాడు. ఆ తర్వాత టోపీ పెట్టుకుని రేవుకు వెళ్ళిపోతే, మిగిలిన మూడూ ఆమె ఒక్కతే రాసి, కింద అతని సంతకం కూడా తనే చేసి, సిరా మీద ఇసుక చల్లి, మడతపెట్టి, అప్పుడు పిండి దగ్గరికి పోయేది. పిండి అప్పటికి పొంగి, కుంగిపోయి ఉండేది. రాత్రి భోజనానికి కూర్చున్నాక ఆ రొట్టెను వేలితో నొక్కి చూసి అనేవాడు: “టామ్సిన్ అత్త చేతి రొట్టె తిన్నవాడికి ఇది గొంతు దిగుతుందా?”

మా ఊళ్ళో ఆడపిల్లకు చదవడం నేర్పేవాళ్ళు, బైబిలు చదువుకోవాలి కాబట్టి. రాయడం నేర్పేవాళ్ళు కాదు, ఎవరికి రాస్తుంది కాబట్టి. నన్ను బడికి పంపారు. నాకేమో రాతపని అంటే ఒళ్ళుమంట. ఇంటికొచ్చి నా పుస్తకం అక్క ఒళ్ళో పడేసేవాణ్ణి. నా గీతలన్నీ ఆమే గీసేది. పదేళ్ళు రాగానే నాన్న నన్ను గడ్డి కోతకు తీసుకుపోయాడు. బడి అంతటితో సరి. అక్క చేతిలో మాత్రం ఆ రాత నిలిచిపోయింది, గుండ్రంగా, ఒక దాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు నడిచే అక్షరాలు. మొదటి మొగుడు పోయాక ఆ చేతిరాతతో దుకాణంలో చీటీలు రాస్తుంటే జబెజ్ చూశాడు. నెల తిరక్కుండా పెళ్ళి. మనిషిని చూసి చేసుకున్నాడని మేం అనుకున్నాం.

ఏడాది గడవకముందే ఊరి కమిటీకి అతని మీద అనుమానం వచ్చింది. శత్రువుతో రాతకోతలు జరపనని పూచీ ఇమ్మన్నారు. తన ఆస్తంతా సముద్రం మీదే ఉందన్నాడు. పూచీకి నేల కావాలన్నారు. అక్క నా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమీ అడగలేదు. నేను పశువుల మేతకు ఉంచుకున్న నా ఉప్పుగడ్డి నేల పూచీగా రాసిచ్చాను. షరతు ఇది: న్యూయార్కులో చిక్కుబడ్డ చుట్టాలకు ఇంటి కబుర్లు రాసుకోవచ్చు. కమిటీవాళ్ళు చదివాక, ఖైదీల మార్పిడికి వెళ్ళే తెల్లజెండా పడవలో పంపుకోవచ్చు. అది కాకుండా ఒక్క కాగితం ముక్క దొడ్డిదారిన పోయినా నా నేల కమిటీది.

జబెజ్‌కు న్యూయార్కులో ఆంబ్రోజ్ అని పినతండ్రి కొడుకు ఉండేవాడు, అతనూ వ్యాపారే. ఉత్తరాలన్నీ అతనికే. వాటిలో సరుకు ఊసు ఉండదు, యుద్ధం ఊసు ఉండదు. ఉన్నదంతా టామ్సిన్ అత్త. వాళ్ళిద్దరికీ మేనత్త, పడమటి కొండల్లో ఒంటరిగా ఉండే విధవ. ఆమె మోకాళ్ళు, ఆమె దగ్గు, ఆమె ఎప్పుడు మంచం దిగింది, ఎప్పుడు చర్చికి వెళ్ళొచ్చింది. కమిటీకీ చర్చికీ పెద్ద అయిన డీకన్ వెస్ట్‌గేట్ ఆ ఉత్తరాలు చదివి “మీ అత్త మోకాళ్ళ గురించి మా ఆవిడ మోకాళ్ళ కంటే నాకు ఎక్కువ తెలుసు జబెజ్” అని నవ్వి ముద్ర కొట్టేవాడట. కానీ తెల్లజెండా పడవలో వెళ్ళేది మొదటి ప్రతే. రెండోది సిలాస్ అనే జాలరి చొక్కాలో వెళ్ళేది, మూడోది ఇంకో జాలరి చేపల బుట్ట అడుగున. ఆ సంగతి అక్కకు తెలుసు, నాకు తెలియదు.

“ఇది తప్పు కాదా అండీ? మా తమ్ముడు ఆసా నేల పూచీ ఉంది కదా” అని ఒకసారి అడిగింది.

“ముసలిదాని మోకాళ్ళ కబురు పంపడం తప్పా? ఆ తెల్లజెండా ఏ నెలకు కదులుతుందో. ఈలోపు ఆంబ్రోజ్ అత్త పోయిందనుకుని ఏడవాలా?”

ఇదంతా యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ళకు అక్క నాకు చెప్పింది. నా వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తూ, నా మొహం వైపు చూడకుండా చెప్పింది. ఆమె చెప్పినంత వరకు రాస్తున్నాను.

టామ్సిన్ అత్తను అక్క ఎన్నడూ చూడలేదు. చూడనివ్వలేదు. ‘విధవను చేసుకున్నానని ఆవిడకు కోపం. నువ్వు గుమ్మం తొక్కితే లోపలికి రానివ్వదు’ అన్నాడు పెళ్ళైన వారానికే. అప్పట్నుంచి ఆ కనపడని ముసలామె ఆ ఇంట్లోనే కాపురం పెట్టింది. సబ్బు సరిగా గడ్డకట్టకపోతే అత్త అయితే ఇలా చేసేది కాదు. మైనం తొందరగా అయిపోతే అత్త ఇంట్లో ఒక్క కొవ్వొత్తితో చలికాలం గడిచేది. పక్కింటి డెలివరెన్స్‌తో కంచె దగ్గర పది నిమిషాలు నిలబడితే అత్త ఇలాంటి ఆడవాళ్ళ గురించి ఒక మాట అనేది, ఆ మాట నేను అనను, నా నోటికి రాదు, అనేవాడు. మా అమ్మ పోయిన నాటి నుంచి అక్కను తిట్టడానికి మనిషి లేడు. ఇప్పుడు ఒకరు దొరికారు. నూట ఇరవై మైళ్ళ అవతల కుర్చీలో కూర్చున్న ముసలామె మెప్పు కోసం అక్క ఇల్లు ఊడ్చేది, ఆవిడ చూస్తున్నట్టు గిన్నెలు తోమేది. ఒక్కోసారి పిండి కలుపుతూ ఆవిడతో వాదించేది, లోలోపల, తన తప్పు లేదని, మొదటి మొగుడు జ్వరంతో పోతే తనేం చేస్తుందని, ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆడది తమ్ముడి ఇంట్లో ఎన్నాళ్ళు ఉంటుందని. వాదనలో ఎప్పుడూ అత్తే గెలిచేది. అక్క చెప్పిన మాట ఇది: “ఒరేయ్, మీ బావకన్నా నేను ఆవిడకే ఎక్కువ భయపడ్డాను. మీ బావ బయటికి పోతాడు. ఆవిడ పోదు.”

పదిహేడువందల డెబ్భై ఏడో సంవత్సరం అక్టోబరులో అక్క ఒక పని చేసింది. మిగిలిపోయిన బూడిదరంగు ఉన్నితో రెండు జతల మేజోళ్ళు అల్లింది, మోకాళ్ళ పైదాకా, నొప్పి ఉన్నచోట రెండు పొరలుగా. జబెజ్‌కు ఇచ్చి, గురువారం కొండలవైపు పశువుల్ని తోలుకుపోయే మనిషి చేత అత్తకు పంపమంది. అతను ఆ జతల్ని చేత్తో తూచి చూసి “సరే, పంపిస్తాలే” అన్నాడు. అదే మంగళవారం ఉత్తరం చెప్పాడు. అత్త మంచం పట్టిందని, పదిహేను రోజులు గుమ్మం దాటదని. మొదటి ప్రతి చూసుకుని వెళ్ళిపోయాడు. అక్క రెండో ప్రతి రాస్తూ చివరికొచ్చి ఆగింది. కలం సిరాలో ముంచింది. ఏదో దొంగిలిస్తున్నట్టు ఒకసారి తలుపు వైపు చూసిందట. రాసేది మొగుడి పేరు మీద కాబట్టి తన గురించి కూడా మొగుడిలాగే రాసింది: ‘మా ఆవిడ రెండు జతలు అల్లింది. గురువారం పొద్దున్నే బయలుదేరతాయి. ఆమె మీద అత్త కోపం తగ్గేలా నువ్వు కూడా ఒక మాట రాయి.’ మూడో ప్రతిలోనూ అలాగే రాసింది. ఇంట్లో పుస్తకంలో రాయలేదు. అన్ని వందల ఉత్తరాల్లో తనదంటూ ఉన్న మాట అదొక్కటే. అది రాశాక రెండుసార్లు తనలో తను చదువుకుందట, అలా చదువుకోవడం బాగుందట.

ఆ గురువారం మా రేవు నుంచి రెండు చిన్న ఓడలు మా సైన్యానికి గొడ్డుమాంసం పీపాలు వేసుకుని పొద్దున్నే బయలుదేరాయి. ఆ వారం దారి ఖాళీగా ఉంటుందని అందరూ అనుకున్నారు. ఖాళీగా లేదు. పొగమంచు తెరిపివ్వగానే ఇంగ్లీషు యుద్ధనౌక ఎదురుగా నిలబడి ఉంది, రమ్మని పిలిస్తే వచ్చినట్టు. పదకొండు మందిని పట్టుకుపోయారు. అందులో డెలివరెన్స్ మొగుడు నోవా ఉన్నాడు. న్యూయార్కులో ఖైదీల ఓడల గురించి మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే పైనుంచి కాపలావాడు ‘శవాలుంటే పైకి తెండి’ అని అరుస్తాడట.

మూడు వారాలకు ఆంబ్రోజ్ దగ్గరి నుంచి జవాబొచ్చింది. సిలాస్ తెచ్చి వంటింటి గడపలో ఇచ్చి పోయాడు. దీపం వెలుతురులో జబెజ్‌కు చూపు ఆనదు, వచ్చిన ఉత్తరాలు కూడా అక్కే విప్పి చదివి వినిపించాలి. ఆమె పొయ్యి దగ్గరే నిలబడి విప్పింది. నాలుగు మాటలు. ‘కబురుకు సంతోషం. రెండు జతలూ అందాయి. చక్కగా సరిపోయాయి. మీ ఆవిడకు నా మెచ్చుకోలు చెప్పు.’

మొదట ఆమెకు సంతోషమే కలిగింది. ఎవరో మెచ్చుకున్నారు. తర్వాత కొంచెం తికమక. మేజోళ్ళు వెళ్ళింది కొండలకు కదా, న్యూయార్కులో ఉన్న ఆంబ్రోజ్‌కు ఎలా అందాయి? పొరపాటున అటు పంపారేమో అనుకుంది. ఆ ఆలోచన ఇంకా పూర్తి కాకముందే కంచె అవతల డెలివరెన్స్ దగ్గు వినపడింది, బావి గిలక చప్పుడు వినపడింది, ఈ మూడు వారాలుగా నోవా లేకుండా ఆ మనిషే నీళ్ళు తోడుకుంటోందని గుర్తొచ్చింది. రెండు. గురువారం. పొద్దున్నే. అప్పుడు ఆమె ఒళ్ళు చల్లబడిపోయింది. పొయ్యికి అంత దగ్గరగా ఉండి కూడా చల్లబడిపోయింది. అత్త దగ్గు, అత్త మోకాళ్ళు, అత్త మంచం దిగిన రోజులు, చర్చికెళ్ళిన రోజులు, తను చేత్తో నాలుగేసి సార్లు రాసినవన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. ఒక్కో దాని వెనకాల ఒక్కో ఓడ ఉంది. అత్త నడిచినప్పుడల్లా రేవు నుంచి ఏదో కదిలింది. అత్త పడుకున్నప్పుడల్లా ఏదీ కదల్లేదు. ఆ ఇంట్లో రెండేళ్ళుగా తను ఎవరికి భయపడి చచ్చిందో ఆ మనిషి భూమ్మీద లేదు. ఆమె పొయ్యి పక్క కుర్చీలో కూలబడి నవ్వబోయిందట. నవ్వు రాలేదు. ఎందుకంటే మిగతావన్నీ అతను చెబితే రాసినవి. ఆ రెండు జతలు మాత్రం ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం జబెజ్ వచ్చాక చదివి వినిపించింది.

“మేజోళ్ళేంటి?” అన్నాడు అతను. నిజంగానే అర్థం కాలేదు. “మేజోళ్ళు సిలాస్ గాడికిచ్చాను కదా, పడవ కూలి కింద. వాడి కాళ్ళకే ఉన్నాయి.”

ఆమె చెప్పింది, తను చేర్చిన మాట.

కొడతాడనుకుంది. కొట్టలేదు. మెల్లగా కూర్చుని, గట్టిగా నవ్వాడు. “నేనేం రాయించాను? అత్త మంచం మీద ఉంది, పదిహేను రోజులు కదలదు. అంటే ఈ పదిహేను రోజుల్లో రేవు నుంచి ఏదీ రాదు, కాపలా నౌకను తీసెయ్యి, ఈలోగా నా సరుకు దించుకుంటాను అని. ఆ రెండు ఓడలూ క్షేమంగా పోయేవి కెజియా. గురువారం అని పిలిచింది నువ్వు. నోవాను పట్టిచ్చింది నువ్వు.”

“అత్త లేదా?” అంది ఆమె. అన్నీ వదిలి అదే అడిగింది.

“లేదు. ఉంటే బాగుండేదా నీకు?” గ్లాసులో రమ్ము పోసుకుంటూ అన్నాడు. “కంగారు పడకు. నేను ఎవరితోనూ అనను. అనాల్సిన పని పెట్టకు.”

ఆ మాట తర్వాత ఆమెకు ఆ ఇంట్లో తలుపు చప్పుడు ఒక్కటీ మామూలు చప్పుడు కాలేదు. కట్టెలు పగిలితే ఉలిక్కిపడేది. తన చేతిరాత ఎక్కడ కనపడినా, పచ్చడి జాడీ మీద అంటించిన చీటీ మీద కూడా, గోకి పడేసేది. ఆమెకు ఉరి భయం ఉండేది. దానికన్నా ఎక్కువగా డెలివరెన్స్ భయం ఉండేది.

ఆ డెలివరెన్సే ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని వచ్చేసింది, చేతిలో గుడ్డలో చుట్టిన నాలుగు గుడ్లతో.

“కూలి తెచ్చాను. ఉత్తరం రాసిపెట్టు. తెల్లజెండా పడవ ఎల్లుండి పోతుందట. ఈసారి ఖైదీలకు ఉత్తరాలు ఇస్తారట. నాకు చదవడం వచ్చు గానీ గీకడం రాదు.”

“గుడ్లెందుకే. కూర్చో.”

“తీసుకో. నీ మొగుడు నీకు గుడ్డు పెడతాడా ఏంటి, గుడ్డు ఖరీదు చెబుతాడు గానీ.” పకపకా నవ్వింది. మొహం మాత్రం ఎండిపోయి ఉంది. “రాయి. ‘నోవా, ఆవు ఈనింది. పెయ్యదూడ. నీ పేరు పెట్టాను, కోపమొస్తే వచ్చి మార్చుకో.’ రాశావా?”

“రాశాను.”

“‘నాకు రాత్రిళ్ళు కోపంగా ఉంటుంది. నువ్వు ఆ రోజు వెళ్ళొద్దంటే విన్లేదు. నువ్వు చచ్చిపోతే నీతో మళ్ళీ మాట్లాడను.’ అది కూడా రాయి. ఏం, బాగోలేదా? ఆగిపోయావు?”

“బాగుంది.”

“మరి ఏడుస్తావేం? మొగుడు నాది కదా.”

అక్క మొహం తుడుచుకుని రాసింది. ఆ గదిలో, ఆ బల్ల మీద, ఆ రెండేళ్ళలో ఆమె ఎన్నడూ అలాంటి ఉత్తరం రాయలేదు. ‘నేను’ అంటే ఎదురుగా కూర్చున్న మనిషే. కోపమంటే కోపమే, ఆవు అంటే ఆవే. దాని వెనకాల ఇంకేమీ లేదు. రాయడమంటే ఇంత తేలికా అని ఆమెకు అసూయ పుట్టింది. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. సిరాబుడ్డి మూత బిగించింది. డెలివరెన్స్ ఉత్తరం రవికలో దోపుకుని, గడప దాటుతూ వెనక్కి తిరిగి అంది: “మీ అత్తమ్మ ఎలా ఉంది? ఆవిడ మోకాళ్ళ కోసం కూడా ఈ ఆదివారం ప్రార్థన చేశాను, ఉత్తినే.”

నవంబరు చివర్లో రెండో జాలరి పట్టుబడ్డాడు. గాలివాటం కుదరక మూడుసార్లు వెనక్కి తిరిగిన పడవ అది. అక్టోబరులో అతనికిచ్చిన ఆ మూడో ప్రతి అలాగే చేపల బుట్ట అడుగున ఉండిపోయింది. కమిటీవాళ్ళు తడిసిన కాగితాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టి చదివారు. మొదటి ప్రతి డీకన్ వెస్ట్‌గేట్ తన కళ్ళతో చూసి పంపిందే, అందులో రెండు జతలు లేవు. సోమవారం విచారణ అన్నారు. జబెజ్‌నూ కెజియానూ ఇద్దర్నీ రమ్మన్నారు.

శనివారం నేను వెళ్ళాను. జబెజ్ నన్ను రమ్మని కబురు పెట్టాడు.

“చూడు బావమరిదీ, కష్టమేమీ లేదు” అన్నాడు. “ఇది ఇంటి ఉత్తరం. అలా తేలితే దొడ్డిదారిన పోయినందుకు జరిమానాతో సరిపెడతామన్నారు, నీ నేల జోలికి రారు. ముసలామె ఉంది. మీ అక్క ఆమెకు మేజోళ్ళు అల్లింది, అల్లుతుండగా ఊరంతా చూసింది. మొదట రాయడం మర్చిపోయింది, తర్వాత గుర్తొచ్చి చేర్చింది. రెండు జతలు, రెండు ఓడలు, అంతా కాకతాళీయం. బైబిలు మీద చెయ్యి పెట్టి ‘నేను అత్తను చూశాను’ అంటే సరి. సగానికి పైగా నిజమే కదా. అననంటుందీ మనిషి. అనకపోతే ఆ కాగితం మీద నా రాత ఎక్కడుంది? ఒక్క గీత చూపించమను. చేతిరాత ఎవరిదో ఊరందరికీ తెలుసు.”

అతను బయటికి వెళ్ళాక అక్క నాకు నిజం చెప్పింది. అంతా కాదు, అత్త లేదని మాత్రం. ఆమె చేతులు ఏప్రన్‌లో చుట్టుకుని ఉన్నాయి.

ఇప్పుడు నేనేమన్నానో రాయాలి. నేను అక్కను ఓదార్చలేదు. “ఒక్క మాటే కదక్కా” అన్నాను. “ముసల్దాన్ని చూశానని చెప్పు. నా నేల ఉంది దాన్లో. గడ్డి లేకపోతే ఆవులుండవు. ఆవులు లేకపోతే నా పిల్లలకేం పెట్టాలి? నువ్వు రాసినవన్నీ అబద్ధాలే కదా, ఇంకొక్కటి చెబితే ఏం పోయింది?”

“అవన్నీ అబద్ధాలని నాకు తెలియదురా.”

“ఇప్పుడు తెలిసింది కదా. తెలిసినదాన్ని తెలియనట్టు చెప్పు. మొగుడు జైలుకు పోతే నువ్వెక్కడికి పోతావు? నా ఇంటికేగా.”

ఆమె నా వైపు చూసింది. చిన్నప్పుడు నా పుస్తకం ఒళ్ళో పడేసినప్పుడు కూడా అలాగే చూసేది. “సరే, నువ్వు ఇంటికి పో. చలి పెరుగుతోంది” అంది. ఒప్పుకుందనుకున్నాను.

సోమవారం పదకొండు గంటలకు సత్రం పై గదిలో విచారణ. గది నిండా జనం. ఖైదీల ఓడలో ఉన్న పదకొండు మంది తాలూకు ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు, డెలివరెన్స్‌తో సహా. అక్క వాళ్ళ మధ్యనుంచి నడిచి వెళ్ళాలి. ఆ ఇరవై అడుగులూ నేల పలకల్ని లెక్కపెట్టుకుంటూ నడిచానని తర్వాత చెప్పింది. జబెజ్ ముందే ప్రమాణం చేసి, అత్త గురించి చక్కగా చెప్పి, కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు.

డీకన్ బైబిలు ముందుకు జరిపాడు. “అమ్మా కెజియా, భయపడకు. ఈ కాగితం మీద రాత నీదేనా?”

“నాదేనయ్యా.”

“మొగుడు చెబితే రాశావు.”

“అవునయ్యా.”

“ఈ టామ్సిన్ అనే ఆవిణ్ణి నువ్వు చూశావా?”

నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను తల ఊపాను, చెప్పు అన్నట్టు. అది నేను మర్చిపోలేదు.

“లేదయ్యా. ఆవిడ లేదు. ఎక్కడా లేదు.”

గదిలో గోల లేచింది. జబెజ్ కుర్చీ వెనక్కి తోసి “దానికి మతి చెడింది, నెలరోజులుగా ఇలాగే ఉంది” అని అరుస్తున్నాడు. డీకన్ బల్ల మీద కొట్టి అందర్నీ కూర్చోబెట్టాడు. ఆయన మొహంలో జాలి ఉంది. గుమాస్తా వైపు తిరిగి, రాసుకో, అన్నాడు: “జబెజ్ క్రోవెల్ భార్య, భర్త ఆజ్ఞ మీద, ఏమీ ఎరగక, ఈ ఉత్తరాలు రాసింది. చాలమ్మా, నువ్విక వెళ్ళొచ్చు. మొగుడి మాట కాదనలేని ఆడదాని మీద మేం తప్పు పెట్టం.”

అక్కడితో ఆమె బయటపడింది. లేచి వచ్చేస్తే సరిపోయేది. భయం తీరిపోయింది, తలుపు తీసే ఉంది. కానీ ఆమె కదల్లేదు. తర్వాత నేనడిగాను, ఎందుకు కూర్చుండిపోయావని. అప్పుడామె కళ్ళముందు ఉన్నది ఉరితాడు కాదట, జైలు కాదట. ‘ఏమీ ఎరగక’ అని గుమాస్తా కలం కాగితం మీద జర్రున జారిన చప్పుడట. ఇంకొకడి చేత్తో తన గురించి ఇంకో ప్రతి తయారవుతోందని అనిపించిందట.

“అలా రాయకండి” అంది. గొంతు చిన్నగానే ఉంది గానీ గదంతా వినపడింది. “అత్త గురించి రాసిందంతా ఆయన చెప్పింది. గురువారం, రెండు జతలు అన్న వాక్యం ఆయన చెప్పలేదు. అది నాది. అత్త ఉందనుకుని, నా మీద దయ పుట్టాలని నేను రాసుకున్నాను. ఆ వాక్యం వల్లే మన వాళ్ళు పదకొండు మంది పట్టుబడ్డారు. ఆయనది ఆయన పేరు మీద రాయండి. నాది నా పేరు మీద రాయండి. కలపకండి.”

డెలివరెన్స్ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆమెనే చూస్తోంది.

“అది అవసరం లేదమ్మా” అన్నాడు డీకన్. “చట్టంలో పెళ్ళాం చేసింది మొగుడు చేసిందే.”

“అయితే చట్టం పక్కన ఒక చీటీ పెట్టండయ్యా. నేనే రాసిస్తాను.”

గుమాస్తా ఏం చెయ్యాలో తోచక కలం ఆమె చేతికిచ్చాడు. ఆమె లేచి, నిలబడే మూడు వాక్యాలు రాసి, కింద తన పేరు రాసింది. క్రోవెల్ అని రాయలేదు. కెజియా, అంతే.

జబెజ్‌ను తీసుకుపోతుంటే దారిలో తప్పించుకుని ఆంబ్రోజ్ దగ్గరికి చేరాడు. మళ్ళీ కనపడలేదు. ఇల్లు కమిటీ తీసుకుంది. అక్క నా ఇంటికొచ్చే ముందు డెలివరెన్స్ గుమ్మంలోకి వెళ్ళింది. ఆ మనిషి తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టిందట. తీసి ఒక్కటే అడిగిందట: “నేను చెప్పిన ఉత్తరం, అదైనా నేను చెప్పినట్టే రాశావా?” రాశానంది. “సరే అయితే” అని తలుపేసుకుంది. ఆ పదకొండు మందిలో ఐదుగురు తిరిగొచ్చారు. నోవా వచ్చాడు, పళ్ళన్నీ ఊడి. డెలివరెన్స్ అక్కతో మళ్ళీ మాట్లాడటానికి నాలుగేళ్ళు పట్టింది. నాకు రెండేళ్ళు పట్టింది. ఒకే ఇంట్లో ఉంటూ, ఆమె చేతి వంట తింటూ, రెండేళ్ళు మాట్లాడలేదు. నా పెళ్ళాం ఆమెతో మాట్లాడినా కోప్పడేవాణ్ణి.

చిక్కుడుకాయలు వలిచిన ఆ రోజు అంతా విన్నాక అడిగాను, భయం వెయ్యలేదా అని. “ఇప్పటికీ వేస్తుంది. గడప చప్పుడైతే ఇప్పటికీ లేస్తాను” అంది. “కానీ ఎవరికి భయపడుతున్నానో ఇప్పుడు తెలుసు కదరా.” గింజలున్న గిన్నె నా వైపు జరిపి, “నీ నేల పోయిందని నన్ను ఎప్పుడూ తిట్టలేదేం?” అంది. తిట్టాను. గడ్డి కొనుక్కోవాల్సి వచ్చిన ప్రతి చలికాలం తిట్టాను, ఆమెకు వినపడకుండా. అది చెప్పలేక పొట్టు ఊడుస్తూ కూర్చున్నాను. మా అక్క లేని అత్తను లేదని చెప్పి, తన ఒక్క వాక్యం తనదని చెప్పుకున్నందుకు ఆ సోమవారం నాకు పోయింది ఏటి మలుపు దగ్గర పదమూడున్నర ఎకరాల ఉప్పుగడ్డి నేల, మా నాన్న మట్టి మోసి వేసిన గట్టుతో సహా.